లెక్కలడిగితే అవిధేయులమా?

ఎడిటర్ గారికి నమస్కారాలు.

మన జిల్లా పేజీలో ఈమధ్య చర్చి కమిటీ గొడవల వార్తలు తరచుగా వస్తున్నాయండీ, రెండు వర్గాలంట, పోలీస్ బందోబస్తంట, మందిరానికి తాళమంట, చదివినప్పుడల్లా తల కొట్టేసినట్టు ఉంటది. అసలు గొడవ ఎక్కడ మొదలయ్యిందా అని లోపలికి వెళ్ళి చూస్తే చాలాచోట్ల లెక్కల దగ్గరే మొదలవుద్ది. నేను 30 ఏళ్ళ పైనే సండే స్కూల్లో పిల్లలకి ఇశ్రాయేలు రాజుల కథలు చెప్పాను, ఆ చనువుతోనే రాస్తున్నా, పెద్దలు కోపం తెచ్చుకోవద్దు.

మా సంఘంలో నాలుగేళ్ళుగా జనరల్ బాడీ (సభ్యులందరి) మీటింగ్ లేదు. రోడ్డు వైపు స్థలంలో షాపులు కట్టి అద్దెకిచ్చారు, అద్దె ఎంతో, రసీదు ఎవరి పేరు మీద రాస్తున్నారో మాకెవరికీ తెలీదు. మా స్త్రీల సమాజం వాళ్ళం అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, నెలాఖరుకి అమ్మి ఇచ్చిన డబ్బు కూడా అందులోనే కలిసిపోయింది. పోయిన ఏడాది ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచి అడిగితే ఒక పెద్దాయన "అమ్మా, అభిషిక్తుల్ని ముట్టకూడదు, వాక్యం ఉంది, కూర్చోండి" అన్నారు. కూర్చున్నా. ఇంటికొచ్చి బైబిల్ తీశా.

అభిషిక్తులంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళు, ఆ మాట 105వ కీర్తన 15వ వచనం. దాని పైనే ఉన్న 14వ వచనం మటుకు ఎవరూ చదవరు! అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు గుప్పెడు మంది పరదేశులుగా ఊరూరూ తిరుగుతుంటే వాళ్ళకోసం దేవుడు రాజుల్ని గద్దించాడని అక్కడుంది, ముట్టొద్దు అన్నది ఆ రాజులతో. అంటే కుర్చీలో ఉన్నవాళ్ళకి చెప్పిన మాటని కుర్చీలో ఉన్నవాళ్ళే తీసుకొచ్చి మా నోరు నొక్కడానికి వాడుతున్నారన్నమాట. అభిషిక్తుడని రాజు సౌలు మీద చెయ్యి వెయ్యనన్న దావీదునే చూడండి, ఏన్గెదీ గుహలో సౌలు అంగీ చెంగు కోసి ఊరుకున్నాడు గానీ బయటికొచ్చాక ఆ ముక్క చేత్తో పట్టుకుని, అందరికీ వినపడేలా, నన్నెందుకు తరుముతున్నావని నిలదీశాడు. చంపలేదు, అడిగాడు. అడగడం కూడా ముట్టుకోవడమే అయితే దావీదు కూడా తప్పు చేసినట్టేగా.

సౌలు సంగతి చెప్పాలంటే, ఆయన దేవుడి మాట పూర్తిగా కాదనలేదండీ, ముప్పాతిక చేశాడు. అమాలేకీయుల మీదకి వెళ్ళి ఏదీ మిగల్చొద్దంటే వెళ్ళాడు, గెలిచాడు, కాకపోతే వాళ్ళ రాజు అగగుని, మంచి మంచి గొర్రెల్ని ఉంచుకున్నాడు, దార్లో కర్మెలు దగ్గర తనకోసం ఒక జ్ఞాపకస్తంభం కూడా నిలబెట్టుకున్నాడు. (మా మందిరంలో ఫ్యాన్ రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి, అది వేరే సంగతి.) ప్రవక్త సమూయేలు వచ్చి ఈ గొర్రెల అరుపులేంటయ్యా అంటే జనమే ఉంచారు, అదీ బలి ఇవ్వడానికే అన్నాడు. చివరికి తప్పు ఒప్పుకున్నాక కూడా ఆయన బెంగ ఏంటంటే పెద్దల ముందు నా పరువు నిలబెట్టు అని! 1 సమూయేలు 15లో ఇదంతా ఉంది, చదివితే ఏదో మన కమిటీ మీటింగ్ మినిట్స్ చదువుతున్నట్టే ఉంటది.

మా వాళ్ళ దగ్గర ఇంకో వచనం ఉంది, 2 రాజులు 12:15. మందిరం పని చేయించినవాళ్ళు నమ్మకస్థులు గనక వాళ్ళని లెక్క అడగలేదని అందులో రాసుంది. దేవుడి పనిలో లెక్కలేంటి, నమ్మకం ఉండాలి అంటారు. నిజమే, కానీ ఆ అధ్యాయం మొదట్నించీ చదివితే కథ వేరేగా ఉంటది. యోవాషు ఏడేళ్ళకే యూదాకి రాజయ్యాడు. మందిరం బాగు చెయ్యమని డబ్బు యాజకులకి అప్పగిస్తే ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా ఒక్క బీట కూడా పూడ్చలేదు. అప్పుడు రాజు వాళ్ళని పిలిచి ఇక డబ్బు మీరు తీసుకోవద్దన్నాడు. యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెప్పించి మూతకి బెజ్జం పెట్టించి బలిపీఠం పక్కన అందరూ చూసేచోట పెట్టాడు. పెట్టె నిండితే రాజు దగ్గర లెక్కలు రాసేవాడు, ప్రధాన యాజకుడు, ఇద్దరూ వచ్చి కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్ళు. ఇద్దరు, ఒక్కరు కాదు. ఇవన్నీ అయ్యాకే లెక్క అడగలేదన్న 15వ వచనం వస్తది. మాకు మటుకు పెట్టె లేదు, ఇద్దరు లేరు, 15వ వచనం ఒక్కటే మిగిలింది.

ఈ యోవాషే ఆ తర్వాత ఏమయ్యాడో పిల్లలకి చెప్పేటప్పుడు నాకెప్పుడూ గొంతు పట్టేసేది. పసిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆరేళ్ళు మందిరంలో దాచిపెట్టి కాపాడింది ఈ యెహోయాదా కుటుంబమే. యెహోయాదా పోయాక యూదా అధిపతులు వచ్చి వంగి దండాలు పెట్టారు, రాజు వాళ్ళ మాట విన్నాడు, అంతే, మందిరం వదిలేసి విగ్రహాల వెంట పోయారు. యెహోయాదా కొడుకు జెకర్యా ఇది తప్పు అని చెప్తే మందిరం ఆవరణలోనే రాళ్ళతో కొట్టించి చంపించాడు. పెట్టె పెట్టించి మందిరం బాగుచేయించిన అదే మనిషి, సిరియా రాజు హజాయేలు మీదకొస్తే మందిరంలో బంగారమంతా ఊడ్చి పంపించేశాడు. ఆఖరికి సొంత సేవకులే మంచం మీద చంపేశారు, రాజుల సమాధుల్లో చోటు దక్కలేదు. రాజు కాని యెహోయాదాని మటుకు రాజుల పక్కన పాతిపెట్టారు.

సమూయేలు అయితే ముసలితనంలో జనం ముందు నిలబడి, నేనెవరి ఎద్దు తీసుకున్నా, ఎవరి గాడిద తీసుకున్నా, ఎవరి దగ్గర లంచం తిన్నా చెప్పండి, తిరిగిచ్చేస్తా అన్నాడు. ఆయన్ని ఎవరూ లెక్క అడగలేదు, ఆయనే అడిగించుకున్నాడు. (ఆయన కొడుకులు లంచాలు తిన్నారులెండి, అందుకే ఇశ్రాయేలు జనం రాజు కావాలన్నది. వారసత్వంగా పదవులిచ్చే అయ్యగార్లు ఆ 1 సమూయేలు 8వ అధ్యాయం కూడా ఓసారి చూడాలి.)

విశ్వాసులు కోర్టుకి పోకూడదని పౌలు రాశాడని కూడా గుర్తు చేస్తుంటారు. సరే, పోము. మా సంఘం సొసైటీగా రిజిస్టర్ అయ్యింది, జనరల్ బాడీ, లెక్కలు అనేవి 2001 సొసైటీల చట్టంలోనూ మా బైలాస్‌లోనూ ఉన్నవే, మేము కొత్తగా కోరేదేం లేదు. మందిరంలోనే చెప్పండి, బయటికి రాకుండా ఉంటది. ప్రతి ఆదివారం పాటల నంబర్లు రాసే బోర్డు ఉంటదిగా, దాని పక్కన నెలకొక కాగితం అంటించండి చాలు, కానుకలు ఇంత, అద్దె ఇంత, ఖర్చు ఇంత, కింద ఇద్దరి సంతకాలు. బియ్యం డబ్బు వేరే లైన్లో రాయండి.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
బాపట్ల జిల్లా