ఫోన్‌లో చెప్పలేని అడ్రస్: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీకు రోజూ వచ్చే వినతుల్లో ఇది చాలా చిన్నదిగా కనిపించొచ్చు. వెబ్‌సైట్ అడ్రస్‌ల గురించి రాస్తున్నాను. అవును, బ్రౌజర్ పైన ఉండే ఆ పొడుగాటి గీత గురించే.

మొన్నామధ్య మా బాబాయి ఫోన్ చేశాడు. పెన్షన్ దరఖాస్తు ఫారం ఏ పేజీలో ఉందో చెప్పమన్నాడు. పేజీ నా కళ్ల ముందే తెరిచి ఉంది. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టే మనిషి. "చెప్పరా, కొడుతున్నా" అన్నాడు. వెబ్‌సైట్ పేరు దాకా సాఫీగానే సాగింది. అక్కడి నుంచి మొదలైంది అవస్థ.

"ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ. తర్వాత క్వశ్చన్ మార్కు, బాబాయ్."

"అదెక్కడుందిరా?"

"షిఫ్ట్ పట్టుకుని నొక్కాలి. ఆ తర్వాత మాడ్ ఈక్వల్స్ ఫారమ్స్. తర్వాత అండ్ గుర్తు."

"అండ్ అంటే ఏ, ఎన్, డీ యేనా?"

"కాదు బాబాయ్. ఏడు అంకె మీద ఉంటుంది చూడు, మెలికలు తిరిగి."

అలా ఐడీ నంబరు దాటి, చివర్లో సెషన్ కోడ్ దగ్గరికి వచ్చాం. చూస్తున్నది ఎవరో గుర్తుపట్టడానికి సైటు ప్రతి సందర్శకుడికీ ఇచ్చే కోడ్ అది. ముప్ఫై రెండు అక్షరాలూ అంకెలూ. బీ అన్నానా డీ అన్నానా అని ఆయనకు అనుమానం, ఏది ఎక్కడ వదిలేశానో నాకు అనుమానం. మొత్తానికి ఎంటర్ నొక్కాడు. "సెషన్ గడువు ముగిసింది" అని వచ్చింది. "నువ్వే ప్రింటు తీసి పంపరా నాయనా" అని ఫోన్ పెట్టేశాడు.

నా వృత్తే వెబ్‌సైట్లు కట్టడం కాబట్టి మరీ సిగ్గేసింది. అలాంటి అడ్రస్‌లు నేనూ చాలా తయారు చేశాను. వేరేవాళ్ల తప్పు ఎత్తి చూపడానికి ఈ లేఖ రాస్తున్నానని అనుకోకండి.

ఈ అడ్రస్‌లు ఎందుకు ఇలా పుడతాయో చెబుతాను. మనం చూసే పేజీల్లో చాలావరకు ఫైళ్లుగా ఎక్కడా ఉండవు. సమాచారమంతా డేటాబేస్‌లో వరుసలుగా ఉంటుంది. మనం లింకు నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్ వెళ్లి ఫలానా పట్టికలో ఫలానా వరుస తెచ్చి, అప్పటికప్పుడు పేజీ తయారు చేసి చూపిస్తుంది. ఇండెక్స్.పీహెచ్‌పీ?మాడ్=ఫారమ్స్&ఐడీ=4827 అంటే, "ఫారాల విభాగానికి వెళ్లు, 4827వ వరుస పట్టుకురా" అని సాఫ్ట్‌వేర్ తనకు తాను చెప్పుకునే మాట. అది లోపలి మాట. దాన్ని తెచ్చి జనం ముందు పెట్టడమంటే, దుకాణం బోర్డు మీద పేరుకు బదులు గోడౌన్‌లోని అల్మరా నంబరు రాసిపెట్టడమే.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పేజీలు పంపే సాఫ్ట్‌వేర్ అయిన అపాచీ వెబ్ సర్వర్ కోసం, అడ్రస్‌ను లోపల మార్చి రాసుకునే మాడ్ రీరైట్ అనే భాగాన్ని రాల్ఫ్ ఎంగెల్‌షాల్ 1996లోనే రాశారు. జనం "ఫారాలు/పెన్షన్-దరఖాస్తు" అని కొడతారు. సర్వర్ దాన్ని అందుకుని, లోపల మాత్రం పాత పద్ధతిలోనే 4827వ వరుస తెప్పిస్తుంది. డేటాబేస్‌ను ముట్టుకోనక్కర్లేదు. నాలుగు వరుసల నియమాలు రాస్తే వందల పేజీలకు సరిపోతాయి. మిగతా సర్వర్లలోనూ ఇదే సదుపాయం ఉంది. సైట్లు కట్టడానికి వాడే ఇప్పటి రెడీమేడ్ చట్రాలు, అంటే ఫ్రేమ్‌వర్కులైతే మొదటి రోజు నుంచే చదవగలిగే అడ్రస్‌లు ఇస్తాయి. అంటే ఇది చేతకాని పని కాదు. ఎవరూ అడగని పని, అంతే.

ఇక సెర్చ్ సంగతి. మీ దగ్గరికి వచ్చి, "అడ్రస్‌లో మాటలు పెడితే గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ" అని చెప్పే కన్సల్టెంట్లు ఉంటారు. నమ్మకండి. అడ్రస్‌లో ఉన్న పదాలకు ర్యాంకింగ్‌లో దక్కే విలువ చాలా స్వల్పం. ప్రశ్నార్థకం ఉన్న అడ్రస్‌లను తాము చదవగలమని, తెలిసీ తెలియక రీరైట్ చేస్తే మేలు కంటే కీడే ఎక్కువని గూగుల్ 2008లోనే చెప్పింది. సెషన్ కోడ్‌ను కూడా ఏటవాలు గీతల (/) మధ్య ఇరికించి, పైకి అందమైన అడ్రస్‌లా కనిపించేలా చేసేవాళ్లను చూశాను. రోగిని దాచి రోగం నయమైందన్నట్టు ఉంటుంది అది.

అసలు నష్టం వేరే చోట ఉంది. ఆ రోజు బాబాయితో మాట్లాడాక, అదే ఫారం పేజీకి ఎన్ని అడ్రస్‌లు ఉన్నాయో వెతికాను. మెనూలోంచి వెళ్తే ఒకటి. "కొత్త సమాచారం" లోంచి వెళ్తే ఇంకొకటి, చివర్లో ఎక్కడి నుంచి వచ్చానో చెప్పే ముక్క తగిలించి ఉంది. అక్షరాలు పెద్దవి చేసే బటన్ నొక్కితే మూడోది. ప్రింట్ కోసం నాలుగోది. ఐడీ ముందు, మాడ్ వెనక ఉన్నది ఐదోది. వీటన్నిటికీ ప్రతి సందర్శకుడికీ మారిపోయే సెషన్ కోడ్ తోడు. మనిషికి అది ఒకే పేజీ. సెర్చ్ ఇంజన్ తరఫున పేజీలు చదవడానికి వచ్చే సాఫ్ట్‌వేర్ రోబోకు మాత్రం ప్రతి అడ్రస్ ఒక వేరే పేజీ. అదే ఫారాన్ని పదే పదే చదువుతూ పొద్దు గడుపుతుంది, నిన్న పెట్టిన కొత్త ఉత్తర్వు దగ్గరికి రావడానికి తీరికే ఉండదు. ఆ పేజీకి బయటి నుంచి వచ్చే లింకులు కూడా ఐదారు అడ్రస్‌ల మధ్య చీలిపోతాయి. జనం వెతికితే అసలు శాఖ పేజీ కింద ఎక్కడో ఉండి, ఫారం కాపీ కొట్టి పెట్టుకున్న ఏదో ప్రైవేటు సైటు పైన కనిపించే పరిస్థితి ఇలాగే వస్తుంది. ఆ సైటులో ఉన్నది మూడేళ్ల కిందటి ఫారం కావచ్చు.

ఇన్ని అడ్రస్‌ల్లో అసలుది ఇదీ అని పేజీలోనే చెప్పే పద్ధతి ఉంది. కెనానికల్ లింకు అంటారు. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి 2009 ఫిబ్రవరిలో దీన్ని ప్రకటించాయి. పేజీ కోడ్ తలభాగంలో ఒక్క వరుస చాలు. సెషన్ కోడ్‌ను కుకీలో, అంటే బ్రౌజర్ తన దగ్గర దాచుకునే చిన్న ఫైలులో పెడితే అడ్రస్‌లో ఆ ముప్ఫై రెండు అక్షరాల అవసరమే ఉండదు. అది భద్రతకు కూడా మంచిది. లాగిన్ అయి ఉన్న మనిషి ఆ అడ్రస్‌ను కాపీ చేసి ఎవరికైనా పంపితే, తన ఇంటి తాళం చెవి కూడా పంపినట్టే.

భద్రత అన్నాను కాబట్టి ఇంకో మాట. దరఖాస్తు స్థితి చూపించే పేజీలో చివరి అంకె ఒకటి పెంచి చూస్తే పక్కవాళ్ల దరఖాస్తు తెరుచుకున్న సైటు నేను చూశాను. అడ్రస్‌ను అందంగా మారిస్తే ఈ కన్నం పూడదు. చూసేవాడికి చూసే హక్కుందో లేదో సర్వర్ అడగాలి. ఈ రెండు పనులనూ కలిపి ఒకే బిల్లు పెట్టేవాళ్లు రావచ్చు, జాగ్రత్త.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద విషయానికి వస్తాను. కాంట్రాక్టు ముగుస్తుంది. కొత్త కంపెనీ వస్తుంది, కొత్త సాఫ్ట్‌వేర్ తెస్తుంది. అడ్రస్‌లో నిన్నటిదాకా పాత సాఫ్ట్‌వేర్ గుర్తుగా పీహెచ్‌పీ అని ఉన్న చోట కొత్తదాని గుర్తుగా ఏఎస్‌పీఎక్స్ వస్తుంది. ప్రారంభోత్సవం జరుగుతుంది, ఫొటోలు దిగుతారు. అదే రోజు పాత అడ్రస్‌లన్నీ చచ్చిపోతాయి. కరపత్రాల మీద అచ్చయినవి, కోర్టు కాగితాల్లో ఉదహరించినవి, పిల్లల ప్రాజెక్టుల్లో రాసుకున్నవి, పాత ఉత్తర్వుల్లో ఆ శాఖే స్వయంగా ఇచ్చుకున్నవి. అన్నిటికీ 404, అంటే "పేజీ దొరకలేదు".

నేను కూడా ఒకసారి ఇలాగే చేశాను. ఒక సైటుకు ముచ్చటైన అడ్రస్‌లు పెట్టాను, పాతవాటిని కొత్తవాటికి మళ్లించడం మర్చిపోయాను. సెర్చ్ నుంచి వచ్చే జనం వారం తిరక్కుండా బాగా తగ్గిపోయారు. యజమాని ఫోన్ చేసినప్పుడు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఎవరు ఏ పేజీ అడిగారో రాసుకునే పాత సర్వర్ లాగ్‌లు తవ్వి, ఒక్కో పాత అడ్రస్‌కూ 301 రాసుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. 301 అంటే "ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారింది" అని సర్వర్ చెప్పే మాట. మనిషి గమనించేలోపే కొత్త చోట ఉంటాడు, సెర్చ్ ఇంజన్ తన పుస్తకంలో దిద్దుకుంటుంది. 302 పెడితే అది తాత్కాలికమని అర్థం, ఆ తేడా కూడా చాలామంది పట్టించుకోరు. ఇంకా కొందరు తెలివిగా పాత అడ్రస్‌లన్నిటినీ హోమ్ పేజీకి తోసేస్తారు. ఫారం కోసం వచ్చినవాడు మీ ఫొటో ఉన్న పేజీ ముందు నిలబడతాడు. అలాంటి మళ్లింపును గూగుల్ కూడా లేని పేజీ కిందే లెక్కేస్తుంది.

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే దీని గురించి ఒక వ్యాసం రాశారు. మంచి అడ్రస్ మారదని ఆయన వాదన. ఫైలు రకం, సాఫ్ట్‌వేర్ ఆనవాళ్లు అడ్రస్‌లో ఉండకూడదని అందులోనే చెప్పారు, ఎందుకంటే రేపు మారేవి అవే. ఎవరు విన్నారు? అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇచ్చిన లింకుల్లో సగం, మొదట ఉదహరించిన సమాచారాన్ని ఇప్పుడు చూపించడం లేదని హార్వర్డ్ పరిశోధకులు 2013లో తేల్చారు. తీర్పు ఉంది, తీర్పుకు ఆధారం లేదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో వెల్లడించింది. ఊహించుకోండి.

చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ సైట్లను మూసి గవ్.యూకే ఒక్కటే తెరిచినప్పుడు, పాత అడ్రస్‌ల జాబితా పట్టుకుని ఏది ఎటు వెళ్లాలో చూసుకుని మళ్లించింది. చిన్న అక్షరాలు, మాటల మధ్య అడ్డగీత అని అడ్రస్‌లకు నియమాలు కూడా పెట్టుకుంది. అడ్డగీతే ఎందుకంటే, కింద గీత పెడితే లింకు కింద వచ్చే గీతలో కలిసిపోయి ఖాళీలా కనిపిస్తుంది. కాగితం మీద చూసి కొట్టేవాడు మోసపోతాడు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను చాలా సర్వర్లు పట్టించుకుంటాయి, మనుషులు పట్టించుకోరు. అందుకని అన్నీ చిన్నవే.

మన లిపిలో అడ్రస్‌ల మాట కూడా చెప్పాలి. నాకు ఇష్టమే, కానీ ఒక చిక్కుంది. బ్రౌజర్‌లో "పెన్షన్" అని ముద్దుగా కనిపించే మాటను కాపీ చేసి మెసేజ్‌లో పెడితే, చాలాసార్లు శాతం గుర్తులతో నిండిన 63 అక్షరాల తోరణం వస్తుంది. యూనికోడ్‌లో ఆ మాటకు ఏడు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. దరఖాస్తు అనే మాట కూడా చేరిస్తే ఇక చెప్పక్కర్లేదు. క్యూఆర్ కోడ్‌లో పెడితే చుక్కలు కిక్కిరిసి పాత ఫోన్లు చదవలేక అవస్థ పడతాయి. నేనైతే "ఫారాలు" అనే విభాగం పేరును రోమన్ అక్షరాల్లో చిన్నగా రాసి, దాని పక్కన నంబరు, ఆ తర్వాత తెలుగు శీర్షిక పెడతాను. శీర్షిక తీసేసి నంబరు వరకే కొట్టినా సరైన పేజీకే చేర్చాలి. రేపు శీర్షికలో అచ్చుతప్పు దిద్దినా పాత లింకు పనిచేస్తుంది. ఫోన్‌లో చెప్పాల్సి వస్తే విభాగం పేరు, నాలుగు అంకెలు చాలు. దీనికి ఒప్పుకోని ఇంజనీర్లు ఉంటారు. వాదించుకోవచ్చు.

నేను అడిగేది కొత్త పోర్టల్ కాదు, కొత్త యాప్ అంతకన్నా కాదు. టెండర్ పత్రంలో ఒక పేరా. సైటు మార్చే ప్రతి కంపెనీ, పాత అడ్రస్‌ల పూర్తి జాబితా తీసి, ఒక్కోదానికీ కొత్త చోటు చూపించి 301 పెట్టాలి. నిజంగా తీసేసిన పేజీ అయితే తీసేశామని, బదులుగా ఎక్కడ చూడాలో చెప్పే పేజీ ఉండాలి. ఇది పరీక్షించాకే చివరి బిల్లు చెల్లించాలి. సాఫ్ట్‌వేర్ ఏదో తెలిపే ముక్కలు, సెషన్ కోడ్‌లు అడ్రస్‌లో కనబడకూడదు. కాంట్రాక్టు ముగిసినా ఆ మళ్లింపుల జాబితా శాఖ చేతిలోనే ఉండాలి, కంపెనీతో పాటు వెళ్లిపోకూడదు. ప్రతి శాఖలో దానికి ఒక అధికారి జవాబుదారీ కావాలి. ఇప్పుడైతే విరిగిన లింకు గురించి ఎవరికి చెప్పాలో కూడా తెలియదు. "ఫిర్యాదులు" అన్న లింకు నొక్కి చూశాను, అదీ 404.

పాత పేజీలన్నిటినీ ఒకేసారి మార్చమని నేను అనను. ఇప్పటికే జనానికి తెలిసి, బాగా పనిచేస్తున్న అడ్రస్ వికారంగా ఉన్నా వదిలేయడమే మంచిది. కొత్తగా పెట్టేవాటితో మొదలుపెట్టండి. జనం ఎక్కువగా వచ్చే ఓ వంద పేజీలు ఏవో సర్వర్ లాగ్ చెబుతుంది, ముందు వాటిని చూడమనండి.

బాబాయికి ఫారం ప్రింటు తీసి పంపాను. అందిందని ఫోన్ చేశాడు. వచ్చే ఏడాది తనే తీసుకుంటాడట, మళ్లీ నన్ను ఇబ్బంది పెట్టడట. "ఆ అడ్రస్ ఏదో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపరా, గోడకు అంటించుకుంటా" అన్నాడు. కాగితం నా ముందే ఉంది. ఏం రాయమంటారు?

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్