చీటీ మీద సంవత్సరం ఇక ఊరికే రాయను

అందరికీ నమస్కారం. ఆమదాలవలస రోడ్డులో మన పాత ట్రాక్టర్ల స్పేర్స్ షాపు, దాని వెనక రేకుల షెడ్డు తెలిసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఈ ఏడు వర్షాల ముందు నా చేతి మీదుగా ఒక తప్పు జరిగింది. ఆ మాట ఇప్పటికే నరసన్నపేటలో ఒకలా, టెక్కలిలో ఇంకోలా తిరుగుతోందట. వాళ్ళ నోటా వీళ్ళ నోటా వినే బదులు నా నోటే వినండి.

విషయం చీటీల గురించి. నాన్నగారు షాపు పెట్టినప్పటి నుంచి మనకొక అలవాటు ఉంది. పాత బండి ఎవరు తెచ్చినా, మోడలూ నంబరూ ఉండే కంపెనీ ప్లేటు ఊడిపోయినా, పెయింటు మీద పెయింటు పడి అంకెలు కనబడకపోయినా, ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, కిరోసిన్ గుడ్డతో నాలుగు చోట్ల తుడిచి, మోడల్ ఏమిటో ఏ సంవత్సరం బండో చీటీ మీద రాసి షాపు ముద్ర వేసి ఇచ్చేవారు. దానికి పైసా తీసుకునేవారు కాదు. ఆ చీటీ పట్టుకుని విశాఖపట్నం వెళ్ళి సామాను తెచ్చుకున్నవాళ్ళున్నారు, బండి అమ్మేటప్పుడు దాన్నే చూపించి బేరంలో గట్టిగా నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. నాన్నగారు పోయాక నేనూ అదే చేస్తూ వచ్చాను. ఒక్కటే తేడా. ఆయన బండి చూసి రాసేవారు, నేను ఈ రెండేళ్ళుగా ఫోన్లో ఫోటోలు చూసి కూడా రాయడం మొదలుపెట్టాను.

పలాస దగ్గర జీడితోట ఉన్న ఒక పెద్దాయన ఆరు ఫోటోలు పంపారు. తోటలో వరసల మధ్య దున్నడానికి, కింద ఉన్న వరి మడిలో దమ్ముకి వాళ్ళ నాన్నగారి కాలం నుంచి వాడుతున్న ఎర్ర బండి. ఇంజిన్ పొగ పోస్తోంది, ఆయిల్ తాగేస్తోంది, దమ్ముకి ముందే బాగుచేసివ్వమన్నారు. ప్లేటు ఉండాల్సిన చోట రెండు రివెట్ కన్నాలే ఉన్నాయి. ముక్కు చూశాను, నాలుగు సిలిండర్లు లెక్కపెట్టాను, హీటర్ ప్లగ్గులు చూశాను. బి-275. ఏ సంవత్సరం కొన్నారని అడిగితే, తమ్ముడు పుట్టిన ఏడు, 1968 అన్నారు. అదే రాసి ముద్ర కొట్టాను. ఐదు నిమిషాల పని.

మోడల్ తప్పు కాదు, ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను. 275 అన్న అంకె చూసి చాలామంది బి-275నీ మహీంద్రా వాళ్ళ 275 డీఐనీ ఒకటే అనుకుంటారు, కొందరు మెకానిక్‌లు కూడా. 275 డీఐ తర్వాత వచ్చిన బండి, మూడు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్. బి-275 ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళ డిజైను, ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో 1958 నుంచి తయారైంది. మన దగ్గర మహీంద్రా వాళ్ళు ఆ కంపెనీతోనూ వోల్టాస్‌తోనూ కలిసి 1963లో ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా పెట్టి ఇదే బండిని ఇక్కడ చేశారు. నాలుగు సిలిండర్లు, చలిపొద్దున స్టార్ట్ కావాలంటే ముందు హీటర్ ప్లగ్గు ఎర్రబడాలి. ఇవన్నీ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

నేను చూడనిది ఇంజిన్. బి-275లో రావాల్సింది బీడీ-144. ఆ 144 అంటే నాలుగు సిలిండర్ల ఘనపరిమాణం, ఘనపుటంగుళాల్లో. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, మూడు అంగుళాల మూడు నూళ్ళు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు), అంటే 85.7 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 4 అంగుళాలు. అదే ఇంటి ఇంజిన్ ఇంకోటి ఉంది, బీడీ-154, అది అదే కంపెనీ ఇంకో ట్రాక్టరు బి-414కి వచ్చింది. స్ట్రోకు అదే 4 అంగుళాలు, బోరు మాత్రం మూడున్నర, 88.9. బయటి నుంచి, అందులోనూ ఫోటోలో, రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా ఒక్క నూలు. పెద్దాయన తండ్రిగారు ఎప్పుడో పాత ఇంజిన్ కొని మార్పించారట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, వాళ్ళ పెద్దత్తగారు తర్వాత చెప్పారు. బండి షెడ్డుకి వచ్చాక హెడ్డు విప్పి వెర్నియర్ కొలతసాధనం పెట్టి బోరు కొలిచి, అప్పుడు కిట్ (కొత్త పిస్టన్లు, అవి ఆడే లైనర్ గొట్టాలు) చెప్పాలి. కానీ సీజన్ దగ్గరపడింది, సామాను రావడానికి రెండు వారాలు పడుతుంది కదా అని చీటీని నమ్ముకుని ముందే 144 కిట్‌కి డబ్బు కట్టేశాను. నా చీటీనే నేను నమ్మాను. బండి వచ్చింది, విప్పాం, కిట్ వచ్చింది, పిస్టన్ లైనర్లో పెట్టి చూస్తే సరిగ్గా కూర్చుంది, ఆ లైనర్ని బ్లాకులో పెట్టబోతే పట్టే దారి లేదు. బ్లాకు పక్కన గ్రీజు గీకి చూస్తే 154 అన్న పోత అంకెలు బయటపడ్డాయి. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

ఇంతవరకూ తప్పు నాది. పూర్తిగా నాదే. ఇక్కడి నుంచి జరిగింది మాత్రం నాది కాదు, అది కూడా చెప్పాలి.

కిట్లు పంపే ఆయన పేరు రాయను. మన రాష్ట్రం కాదు. నాన్నగారి కాలం నుంచి వ్యవహారం, పండక్కి ఫోన్ చేసుకునే చనువు ఉంది. 144 కిట్ సీలు విప్పాను కాబట్టి వెనక్కి తీసుకోను అన్నారు. సరే, న్యాయమే, ఆ నష్టం నేనే పడ్డాను. 154 కిట్ కావాలి, బోరు 88.9, స్టాండర్డ్ సైజు, నాలుగు పిస్టన్లూ ఒకే సెట్టువి ఉండాలి అని రాసి పంపాను. వారం అన్నారు. తొమ్మిది రోజులకి ఫోన్ చేస్తే బండికెక్కింది అన్నారు, పన్నెండో రోజు అడిగితే ఇంకా గోడౌన్‌లోనే ఉందన్నారు. పంతొమ్మిదో రోజుకి పెట్టె వచ్చింది. పెట్టె కొత్తది, లోపల చుట్టిన కాగితం కొత్తది, పిస్టన్లు తళతళలాడుతున్నాయి. కానీ వరసగా బల్ల మీద పెడితే నాలుగోదాని నెత్తిన గొయ్యి అంచు కొంచెం మందంగా కనబడింది. కంటికి కనబడినంత తేడా లేదేమో అనుకుని పక్క కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి తూచాను. మూడింటి మధ్య తేడా నాలుగు గ్రాముల లోపే. నాలుగోది 31 గ్రాములు ఎక్కువ. గుడ్డతో తుడిచి మళ్ళీ తూచాను, అదే 31.

ఫోన్ చేస్తే ఆయనన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "పాత బండే కదా, వెయ్యండి, నడిచిపోతుంది." నాలుగు సిలిండర్ల ఇంజిన్లో ఒక పిస్టన్ 31 గ్రాములు బరువెక్కితే నడుస్తుంది, నిజమే. బానెట్టు వణుకుతూ, బోల్టులు వదులవుతూ నడుస్తుంది, రెండు మూడు సీజన్లకి బేరింగులు తింటుంది. అప్పుడు రైతు ఎవరి దగ్గరికి వస్తాడు? ముద్ర నాది. పాత బండి కదా అన్న మాట నా షాపులో ఎవరి నోటా రాకూడదు, పాతదనే కదా జనం మన దగ్గరికి తెచ్చేది. ఆ పెట్టె ఆ సాయంత్రమే తిప్పి పంపేశాను. నాన్నగారి కాలం నాటి లెక్కలన్నీ తేల్చేసి ఆ ఖాతా మూసేశాను. చివరికి మూడో చోట దొరికింది, ఎక్కువ ధరకి. నాలుగు పిస్టన్లూ తూచి, ఆ బరువులు కాగితం మీద రాసి మరీ పంపారు. ఇకపై మన షాపులో ఏ పిస్టన్ సెట్టు అమ్మినా మీ కళ్ళ ముందే తూచి ఇస్తాను, కాటా కొన్నాను.

ఈలోగా దమ్ము రోజులు దాటిపోయాయి. పెద్దాయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఏటి బావూ, నువ్వు రాసిన సీటీయే గదా నమ్మినాను" అన్నారు, అంతే. వాళ్ళ మడికి అద్దె ట్రాక్టరు నా ఖర్చుతో పెట్టించాను, లేబరు తీసుకోలేదు, మొదటి కిట్ డబ్బు ఎలాగూ నాదే. బజారులో ఒకరు "వాళ్ళ నాన్న ఉంటే ఇలా జరిగేదా" అన్నారని తెలిసింది. ఆ మాటకి జవాబు నా దగ్గర లేదు.

ఆ తర్వాత మూడు రాత్రులు ఆలోచించింది ఒక్క దాని గురించే. చీటీలు ఆపేయాలా వద్దా. మా తమ్ముడు, ఐదొందలు ఫీజు పెట్టు, ఊరికే వచ్చేవాళ్ళు తగ్గుతారు అన్నాడు. నాన్నగారు డబ్బు తీసుకోని పనికి నేను తీసుకోలేను. మా ఆవిడ, సంవత్సరం పక్కన 'సుమారు' అని రాసెయ్యండి అంది. దాని గురించి చాలా ఆలోచించాను. కానీ కొనేవాడు సుమారు చదవడు, అంకె చదువుతాడు. రాజాం వైపు ఒకరు నా చీటీలోని సంవత్సరం చూసి బండికి ధర కట్టారు, ఆ బండి నేను ఫోటోలోనే చూశాను. అది గుర్తొచ్చాక ఇక నిద్ర పట్టలేదు. చీటీ మొత్తం మానేద్దామని కూడా ఒక రాత్రి అనుకున్నాను, పొద్దున్నే షాపు తెరిచేసరికి సారవకోట నుంచి ఒకాయన ఐషర్ బండి తోలుకొచ్చి చీటీ కోసం కూర్చుని ఉన్నారు. ఆయన్ని ఉత్త చేతులతో పంపలేకపోయాను.

కాబట్టి చీటీ ఉంటుంది, డబ్బు తీసుకోను. కానీ ఇక బండి చూడకుండా రాయను. ఛాసిస్ వేరుగా, ఇంజిన్ వేరుగా రాస్తాను. సంవత్సరం మాత్రం రుజువు ఉంటేనే. పుట్టుకతో వచ్చిన ప్లేటు, దానికి సరిపోయే ఆర్సీ ఉంటే రాస్తాను. ప్లేటు కొత్త స్క్రూలతో బిగించి ఉంటే, అంకెల్లో ఒకటి వేరే పంచ్‌తో కొట్టినట్టుంటే, రాయను. ప్లేటు మీద కంపెనీ పేరు కూడా సాక్ష్యమే. ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ 1977లో మహీంద్రాలో కలిసిపోయింది, ఆ పాత పేరున్న అసలు ప్లేటు దొరికితే బండి వయసుకి ఒక హద్దు దొరికినట్టే. ఇంట్లో చెప్పిన ఏడు మాత్రం సాక్ష్యం కాదు, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా. ఒకరు స్వరాజ్ 724 తెచ్చి 1970 మోడల్ అని ఒట్టేసి చెప్పారు. స్వరాజ్ ట్రాక్టరు బయటికి వచ్చిందే 1974లో. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి అలా చెప్పారు. టైరు మీద అంకె టైరుదే, పంపు మీద నంబరు పంపుదే, మడ్‌గార్డు ఎక్కడి నుంచైనా వస్తుంది. అదే పలాస బండి మడ్‌గార్డు బ్లేడుతో గీకితే ఎరుపు కింద నీలం, నీలం కింద తుప్పు వచ్చింది. అది ఈ బండితో పుట్టినది కాదు. ఆరు ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నాకా నీలం కనబడలేదు.

రుజువు దొరక్కపోతే 'సంవత్సరం తేలలేదు' అని రాస్తాను. బేరం పాడవుతుంది, ఒక్క అంకె వెయ్యి బాబూ అని అడిగేవాళ్ళుంటారని తెలుసు, ఇప్పటికే ఇద్దరు అడిగారు, ఒకరు కోపంగా వెళ్ళిపోయారు. మీరు పాతికేళ్ళ కస్టమరైనా, మా బంధువులైనా నా జవాబు అదే. దయచేసి బలవంతం చేయకండి.

పెద్దాయన బండి ఇప్పుడు నడుస్తోంది. డెలివరీ రోజు పొద్దున్న హీటర్ వేసి ఇరవై లెక్కపెట్టి తిప్పితే మొదటి దెబ్బకే అందుకుంది, ఐడిల్‌లో బానెట్టు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి చూపించాను. వెళ్ళేముందు ఆయనే, పాత చీటీ తీసుకుని కొత్తది ఇవ్వమన్నారు. ఛాసిస్ బి-275, ఇంజిన్ బీడీ-154, తర్వాత మార్చినది, సంవత్సరం తేలలేదు అని రాసి ఇచ్చాను. రెండుసార్లు చదువుకుని, మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు.

ఇక మీతో పని. నా పుస్తకం ప్రకారం ఈ రెండేళ్ళలో ఫోటో చూసి రాసిచ్చిన చీటీలు 41. అందరికీ ఫోన్లు చేస్తున్నాను, 17 మంది బండి తెచ్చి మళ్ళీ చూపించుకున్నారు, అందులో మూడింటిలో ఇంజిన్ మారి ఉంది. మిగతా 24 మంది ఎప్పుడు వీలైతే అప్పుడు రండి, గురువారం తప్ప. కవిటి, సోంపేట నుంచి బండి తోలుకు రావడం కష్టమైతే చెప్పండి, వారానికో రోజు నేనే వెర్నియర్ పట్టుకుని వస్తున్నాను. అప్పటిదాకా ఆ చీటీ చూపించి సామాను కొనకండి, బండి అమ్మకండి. చీటీ ఎక్కడో పోయిందన్నవాళ్ళకి కూడా నా పుస్తకంలో నకలు ఉంది.