దవడ కొలతలు చాలు, జైలు చూపించండి

సంపాదకునికి,

నేను కావలి నుంచి రోజూ రైల్లో నెల్లూరు వెళ్లి అయిదేళ్ల న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థినిని. ఇది నాలుగో ఏడు. కొత్త నేర చట్టాలు 2024 జులై 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచి పత్రికల్లో వాటి మీద వ్యాసాలు చాలా చదివాను. హత్యకు పాత 302వ సెక్షన్ ఇప్పుడు ఎంత, మోసానికి పాత 420 ఎక్కడికి పోయింది అని పట్టికలు వేసి మరీ వివరించారు. ఆ చట్టాలను పట్టుకుని రేపు కోర్టులో నిలబడవలసిన మాకు నేరం గురించి కాలేజీల్లో ఏం చెబుతున్నారో మాత్రం ఎవరూ అడగలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మాకు క్రిమినాలజీ, అంటే నేరశాస్త్రం, ఆప్షనల్ పేపరు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం శిక్షాస్మృతి, నేర విచారణ ప్రక్రియ, సాక్ష్యం తప్పనిసరి. నేరం ఎందుకు జరుగుతుంది, జైలు మనిషిని ఏం చేస్తుంది, దెబ్బతిన్నవాడికి చివరికి ఏం మిగులుతుంది అన్న చదువు మాత్రం ఎంచుకున్నవాళ్లకే. ఎంచుకున్నవాళ్లలో సగం మంది, 'అందులో కథ రాసినా మార్కులు పడతాయి' అని సీనియర్లు చెబితే వచ్చినవాళ్లే. దాపరికం ఎందుకు, నేనూ అలా వచ్చినదాన్నే.

పాఠం ఎలా జరిగిందో చెబుతాను. సార్ గైడు తెరిచారు, మేం నోటుపుస్తకాలు తెరిచాం. ఇటలీ వైద్యుడు లాంబ్రోసో 1876లో చెప్పిన 'పుట్టు నేరస్థుడి' లక్షణాలు: పెద్ద దవడ, చేటల్లాంటి చెవులు, పొడుగు చేతులు. పదిహేను మార్కుల ప్రశ్న, అండర్‌లైన్ చేసుకోమన్నారు. నా పక్కనున్న అమ్మాయి ఫోను తీసి తన చెవులు చూసుకుంది. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు మూడు వేల మంది ఖైదీలను కొలిచి, అలాంటి ప్రత్యేక శరీరమేదీ లేదని 1913లోనే ప్రచురించిన సంగతి ఆ గైడులో పేజీ అడుగున ఒక్క వాక్యం. అది పరీక్షకు రాదట.

గోరింగ్ ఆ మాట రాస్తున్న రోజుల్లోనే మా కావలిలో ఏం జరుగుతోందో మాకు ఏ సారూ చెప్పలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఫలానా కులంలో పుట్టడమే నేరం. పేరు రాయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. ఎరుకల కుటుంబాలను తెచ్చి సెటిల్మెంట్లలో, అంటే నిఘా కింద ఉండే కాలనీల్లో, పెట్టారు. కావలి, బిట్రగుంట సెటిల్మెంట్లను అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. చీరాల దాటాక వచ్చే స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. దానికి ఆ పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్టుది. ఇటలీలో దవడ కొలిచారు, ఇక్కడ ఆ శ్రమ కూడా పడలేదు, కులం అడిగి సరిపెట్టుకున్నారు.

అంతకు ముందు వాళ్ల బతుకు ఏమిటి? ఎరుకలలో ఉప్పు ఎరుకల అని ఒక తెగే ఉంది. తీరంలోని కొటారుల్లో ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీదా ఎద్దుల మీదా మెట్ట ఊళ్లకు మోసి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది, పన్ను వచ్చింది. ఆ తర్వాత రైలు వచ్చి మోత బేరం కాస్తా లాక్కుపోయింది. అడవి చట్టాలు వెదురునూ మేతనూ మూసేశాయి. 1876-78 కరువు మిగిలినది ఊడ్చేసింది. అప్పుడు వాళ్లను 'దేశదిమ్మరి దొంగలు' అన్నారు. బతుకుతెరువు పోవడానికీ నేరానికీ మధ్య దారి ఎలా పడుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం, నేరశాస్త్రానికి పేరున్న ఏ చికాగో విశ్వవిద్యాలయం నుంచి రావాలి? ఇస్కపల్లి, చినగంజాం ఉప్పు మడులు ఇంకా ఉన్నాయి, బస్సెక్కితే చూసి రావచ్చు.

ఆ చట్టం 1952 ఆగస్టు 31 నాటికి దేశమంతటా రద్దయింది. మనుషుల కళ్లలోంచి రద్దు కాలేదు. కిందటేడు మా బండి బిట్రగుంటలో ఆగగానే ఎదుటి సీటులో ఉన్న పెద్దావిడ సంచీ ఒళ్లోకి లాక్కుని, "అమ్మాయీ, ఫోను లోపల పెట్టుకో, ఇక్కడెక్కేవాళ్లు మంచివాళ్లు కాదు" అన్నారు. ఎక్కింది ఇద్దరు బడిపిల్లలు, ఒక పూలమ్మి. నేను ఏమీ అనలేదు. ఊరుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. నెల్లూరు వచ్చేలోపు ఆవిడే తన గోడు చెప్పుకున్నారు. వాళ్ల వీధిలోనే, వాళ్లవాడే, ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఇరవై ఏళ్లుగా చీటీలు నడిపి, చివరికి ఐపీ పెట్టి వెళ్లిపోయాడట. ఆవిడకు పోయింది మూడు లక్షలు. "పాపం, ఆయనకూ కలిసి రాలేదమ్మా" అన్నారు! అమెరికా నేరశాస్త్రవేత్త సదర్లాండ్ 1939లో అక్కడి సామాజికశాస్త్రవేత్తల సభలో నిలబడి, మర్యాదస్థులు తమ వృత్తిలో చేసే నేరాల్ని మీరు లెక్కలోకే తీసుకోవడం లేదని చెప్పిన విషయం నాకు ఆ క్షణాన అర్థమైంది. క్లాసులో డిక్టేషన్ రాసుకున్నప్పుడు అర్థం కాలేదు.

ఇది పాత కథ కదా అనేవాళ్లకు ఒక తీర్పు గుర్తు చేస్తాను. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన కేసులో, పలు రాష్ట్రాల జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనల్నీ, విముక్త జాతుల వారిని, అంటే ఆ పాత చట్టం కింద నేరస్థులని ముద్రపడ్డ కులాల వారిని, అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే నిబంధనల్నీ కొట్టివేసింది. అంటే చట్టం పోయిన డెబ్బై రెండేళ్ల తర్వాత కూడా దాని నీడ జైలు పుస్తకాల్లో ఉంది. రేపు మాలో ఎవరో ఒకరు మేజిస్ట్రేటు అవుతారు. రిమాండు కాగితం మీద ఊరి పేరు చూడగానే ఆ రైల్లో పెద్దావిడ చెయ్యి సంచీ మీదికి పోయినట్టే వాళ్ల మనసూ పోతే?

కొత్త చట్టం మరో పని కూడా మా నెత్తిన పెట్టింది. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను శిక్షగా చేర్చింది. అయిదు వేల రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి దొరికినవాడు, ఆ సొత్తు తిరిగి ఇచ్చేస్తే, జైలుకు బదులు సమాజ సేవ చేయాలి. బాగుంది. ఏ పని? ఎన్ని గంటలు? దగ్గరుండి చూసేదెవరు? జీతం లేని పని, సమాజానికి పనికొచ్చేది అన్నంత వరకే చట్టం చెప్పింది. మిగతాది కోర్టు తేల్చాలి, కోర్టుకు వకీలు చెప్పాలి. ఏ శిక్ష ఏ మనిషిని మారుస్తుందో ఒక్క గంట కూడా ఆలోచించని వకీలు అక్కడ ఏం చెబుతాడు?

ఒక లెక్చరరుగారు, "జైలు చూసి ఏం చేస్తావమ్మా, బెయిలు పిటిషను రాయడం నేర్చుకో" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు, సగమే ఉంది. 2022 చివర దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై అయిదు మందికి పైగా. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులూ మరికొన్ని మినహాయింపులూ వదిలేస్తే, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే అతన్ని బాండు మీద విడుదల చేయాలని నేర విచారణ ప్రక్రియకు వచ్చిన కొత్త చట్టం, నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి లోపలున్నవాడికి చెప్పేదెవరు? మేం సిలబస్ ప్రకారం రెండు కేసుల విచారణ చూసి రికార్డు రాస్తాం. ఆ రికార్డు కాస్తా సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతుంటుంది, తేదీలు మాత్రం మారుస్తారు. నెల్లూరు పక్కనే చెముడుగుంటలో కేంద్ర కారాగారం ఉంది. నాలుగేళ్లలో మా బ్యాచి ఒక్కసారి కూడా దాని గేటు చూడలేదు.

దూబగుంట మాట చెప్పకపోతే నెల్లూరు జిల్లా నేరశాస్త్రం గురించి రాసినట్టే కాదు. 1992లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు, ఇంట్లో పడే దెబ్బలకూ కూలి డబ్బు మాయమవడానికీ మూలం ఎక్కడుందో తామే వెతికి, సారా దుకాణం దగ్గర పట్టుకున్నారు. వర్దినేని రోశమ్మ పేరు అప్పుడే దేశానికి తెలిసింది. జిల్లాలో 1993 ఏప్రిల్‌లో, రాష్ట్రమంతటా ఆ అక్టోబరులో సారా ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. ఎందుకు గెలిచారు, గెలిచింది ఎందుకు నిలవలేదు, నిషేధం కొత్తగా ఏ దొంగ వ్యాపారాన్ని పుట్టించింది అన్నవి ముప్ఫై మార్కుల ప్రశ్నలు. మా గైడులో దూబగుంట లేదు. 1985 జులైలో దాడికి గురై కారంచేడు నుంచి చీరాలకు పారిపోయిన దళిత కుటుంబాలు సుప్రీంకోర్టు చివరి మాట కోసం 2008 దాకా చూశాయన్నదీ లేదు. ఆ గైడులో బాధితుల శాస్త్రం అంటే రెండు నిర్వచనాలు, ఒక విదేశీ పేరు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. బార్ కౌన్సిల్ ఈ పేపరును తప్పనిసరి చేయాలి. అంతదాకా ఆగనక్కర్లేదు, మన విశ్వవిద్యాలయాలు తమ చేతిలో ఉన్నది చేయవచ్చు. పరీక్ష మార్కుల్లో కొన్నిటిని జైలు, బాలల పరిశీలన గృహం చూసి రాసే నివేదికకు కేటాయించవచ్చు. పేదలకు ఉచిత న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ జైలుకు వెళ్లే రోజున నలుగురు విద్యార్థుల్ని వెంట పంపవచ్చు. కావలి సెటిల్మెంటునూ దూబగుంటనూ సిలబస్‌లో ఒక యూనిట్‌గా పెట్టవచ్చు. సిలబస్ ఇప్పటికే బరువు అంటారని తెలుసు. దవడ కొలతలు తీసేస్తే కొంత చోటు మిగులుతుంది.

జైలు చూడటానికి అనుమతి అడుగుతూ మా తరగతి కిందటేడు ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు. ఈ నెల పదకొండు మందిమి సంతకాలు చేసి మళ్లీ ఇచ్చాం.

ఒక న్యాయ విద్యార్థిని,
కావలి