పద్దూ, పిల్లల వార్డు సంగతులు

పద్దూ,

పదేళ్ళు పెద్దాళ్ళ ఐసీయూలో చేశాక ఇప్పుడు పిల్లల వార్డుకి వేశారని ఫోన్లో ఒకటే టెన్షన్ పడ్డావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా. ఇక్కడ మూడు రోజులుగా ముసురు. గోదారి పెరిగింది. లంకల వాళ్ళు జ్వరం పిల్లల్ని పడవల్లో దాటించి అమలాపురం తెస్తున్నారు. మా వార్డులో మంచానికి ఇద్దరు.

పెద్దాళ్ళకైతే వయల్ (మందు సీసా) మొత్తం కలిపి ఎక్కించేస్తాం కదా, ఆ అలవాటు ముందు మానుకో. కేస్ షీట్లో బరువు లేకపోతే సిరంజి ముట్టుకోకు. నిన్న ఒక నాయనమ్మ "ఏడు కిలోలు తూగుతాడమ్మా నా మనవడు" అంది గర్వంగా. తడి దుప్పటి, కాళ్ళ కడియాలు తీసి కాటా మీద పడుకోబెడితే 5.8. డోసంతా కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని కట్టేదే కాబట్టి నాయనమ్మ మురిపెం కూడా సిరంజిలోకి ఎక్కేస్తుంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లలో సెఫ్ట్రియాక్సోన్ ఆ తేడాని ఓర్చుకుంటుందేమో గానీ జెంటామైసిన్ ఓర్చుకోదు. కిడ్నీల మీదా చెవుల మీదా పడుతుంది.

ఆ జెంటామైసిన్‌తోనే నా ప్రాణం పోయినంత పనైంది. నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. రెండేళ్ళ కిందట, వేరే ఆసుపత్రిలో, నైట్ డ్యూటీ. నాలుగు రోజుల పసిగుడ్డు, 3.2 కిలోలు. కిలోకి 5 చొప్పున 16 మిల్లీగ్రాములు, రోజుకొకసారి. పిల్లల వయల్‌లో 2 ఎంఎల్‌కి 20 మిల్లీగ్రాములుంటుంది, అంటే 1.6 ఎంఎల్ తీయాలి. చెయ్యి అలవాటుగా 1.6 తీసేసింది. నేను తీసింది మాత్రం పెద్దాళ్ళ వయల్, అదే 2 ఎంఎల్‌లో 80 ఉండేది! ఇచ్చుంటే 64 మిల్లీగ్రాములు, నాలుగింతలు. కొత్తగా చేరిన పిల్ల పక్కనే నిలబడి "అక్కా, ఇది ఎనభయ్యా?" అంది మెల్లగా. ఆ పిల్ల మొహమాటపడి ఊరుకుని ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అప్పట్నుంచీ పసిపిల్లలకి ఏది తీసినా పక్కవాళ్ళని పిలిచి, లెక్క చెప్పకుండా, వాళ్ళనే మొదట్నుంచీ వేయమంటాను. నా జవాబు ముందే చెబితే ఎవరైనా తలూపుతారు.

నెలలు నిండని వాళ్ళకి డోసే కాదు, మధ్యలో ఎడం కూడా చూసుకోవాలే. కిడ్నీలు ఇంకా పక్వానికి రావు గనక జెంటామైసిన్ కొందరికి 36, 48 గంటలకోసారి పడుతుంది. చదువుకున్నాం గదా, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన పసివాళ్ళు బూడిదరంగుకి తిరిగి చనిపోయారని 1959లో రాశారే, అది కూడా ఇలాంటిదే. వాళ్ళ కాలేయం ఆ మందుని వదిలించుకోలేకపోయింది.

సెఫ్ట్రియాక్సోన్ నీకు రోజూ తగులుతుంది. పొడి కలిపేటప్పుడు అది కూడా చోటు తీసుకుంటుంది, 1 గ్రాముకి 10 ఎంఎల్ నీళ్ళు పోస్తే సిరంజిలోకి 10కి పైనే వస్తుంది. పెద్దపిల్లలకి ఆ కాస్తతో ఏమీ కాదు గానీ, చిన్నవాళ్ళకి పెట్టె మీది కాగితం చూసే కలుపు. రింగర్ లాక్టేట్ సెలైన్‌లో మాత్రం కలపకు. అందులో కాల్షియం ఉంటుంది, పలుకులు కడుతుంది. పచ్చకామెర్లున్న పసిగుడ్డుకైతే అసలు వద్దు, దాని బదులు సెఫొటాక్సిమ్ రాయమని డాక్టర్ని అడుగు. వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి తొందర పనికిరాదు, తక్కువలో తక్కువ గంటసేపు ఎక్కించాలి. గబగబా తోస్తే మొహం, మెడ ఎర్రగా కంది, బీపీ పడిపోతుంది. అలర్జీ అనుకుని కంగారుపడతారు.

మొన్న సఖినేటిపల్లి వైపు నుంచి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానంతో ఒకడు వచ్చాడు. పదమూడేళ్ళు, 46 కిలోలు. సెఫ్ట్రియాక్సోన్ రోజుకి కిలోకి 100 మిల్లీగ్రాముల చొప్పున కడితే 4.6 గ్రాములు! రోజుకి 4 గ్రాములు దాటకూడదు, బరువు ఎంతైనా సరే. బరువెక్కువున్న పిల్లల దగ్గర లెక్క కరెక్టే వచ్చినా డోసు తప్పవుతుంది, చూసుకో.

ఎవరైనా "అర సీసీ ఇచ్చెయ్" అంటే మిల్లీగ్రాములు చెప్పమను, కోపం వచ్చినా సరే. అర మిల్లీగ్రాముని సున్నా ముందు పెట్టి 0.5 అనే రాయి. ఉత్త .5 అని రాస్తే చుక్క కనబడక 5 అయి కూర్చుంటుంది. ఇంకోటి, చిన్న డోసు 0.4 ఎంఎల్ అయితే సగం ట్యూబులోనే ఉండిపోతుంది. వెనకాల సెలైన్ తోయకపోతే మందు పిల్లాడికి అందినట్టే కాదు.

తల్లిదండ్రులు "పవర్ ఎక్కువున్న ఇంజెక్షన్ వేయండమ్మా" అంటారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ముందే ఏదో పొడిచి ఉంటాడు, దాని పేరు తెలీదంటారు. ఖాళీ వయల్ ఇంటి దగ్గరుంటే ఫోటో తీసి పంపించమంటాను. ఇద్దరు ముగ్గురు పంపించారు కూడా, ఒకదాంట్లో అమికాసిన్ బయటపడింది. అది కూడా జెంటామైసిన్ కోవ మందే, దాని మీద మళ్ళీ జెంటామైసిన్ పడేది.

సరేలే. నీ వార్డులో 80 వయళ్ళు, 20 వయళ్ళు ఒకే డబ్బాలో ఉన్నాయేమో రేపే చూడు. ఉంటే ముందు వాటిని విడదీసి, ఆ తర్వాత నాకు జవాబు రాయి. సంక్రాంతికి వస్తే కందా బచ్చలి చేసి పెడతా.

నీ హాస్టల్ రూమ్మేటు