కారవాన్ మురుగు ఎక్కడ ఖాళీ చేయాలి?

సంపాదకులకు నమస్కారం.

కారవాన్ టూరిజం అంటూ ఈమధ్య బాగానే హడావుడి చేస్తున్నారు, సంతోషమే, కానీ బండిలో మంచాలు, ఏసీ, వంటగది చూపించి ఫొటోలు వేసేవాళ్లెవరూ దాని కింద ఉండే మురుగు ట్యాంకు గురించి ఒక్క ముక్క చెప్పరు.

మొన్న చలికాలంలో హైదరాబాద్ నుంచి అద్దె కారవాన్ తెప్పించుకుని ఇంటిల్లిపాదీ నల్గొండ నుంచి పులికాట్ సరస్సుకు వెళ్లొచ్చాం. మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా నెల్లూరు హైవే ఎక్కేదాకా హాయిగా సాగింది. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెరువులోని చెట్ల మీద గూడబాతుల గూళ్లే గూళ్లు. పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి మేత లాక్కుంటుంటే మా అమ్మ అక్కణ్నుంచి కదిలితే ఒట్టు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డయితే సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. అటూ ఇటూ రాజహంసలు (ఫ్లెమింగోలు), మెడ వంచి ముక్కు తలకిందులు చేసి బురదనీళ్లు వడగట్టుకుంటూ. అవి గాల్లోకి లేస్తే వీడియో బాగుంటుందని కావాలనే హారన్ కొట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లకేం చెప్తాం!

అసలు టెన్షన్ రాత్రికి మొదలైంది. బండి ఆపడానికి చోటు లేదు. పెట్రోల్ బంకులో వద్దన్నారు, చివరికి ఒక దాబా ఆయన భోజనం అక్కడే చేస్తే ఉండమన్నాడు. తెల్లారేసరికి ట్యాంకు నిండినట్టు ఎర్రలైటు. డ్రైవర్ తాపీగా "కాలువ పక్కకు ఆపి వాల్వు తిప్పితే అయిపోతది సార్, అందరూ గదే చేస్తరు" అన్నాడు. ఆ కాలువ పోయేది సరస్సులోకే. నేను ఒప్పుకోలేదు. సెప్టిక్ ట్యాంకర్ అతన్ని వెతికి పట్టుకుని డబ్బులిచ్చి ఖాళీ చేయించేసరికి సగంపూట పోయింది.

చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే, కానీ లోతు తక్కువ. సముద్రంలో కలిసే ముఖద్వారాలు పూడిపోతున్నాయని జాలర్లు ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నారు, అంటే అందులో పడ్డ చెత్త అంత తేలిగ్గా బయటికి పోదు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లోకెక్కిన కొల్లేరుదీ అదే కథ, నీళ్లు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దిక్కు.

ఇది ఆంధ్రావాళ్ల గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటు. రేపు ఇవే బండ్లు సాగర్‌కూ, పానగల్ ఉదయసముద్రం కట్టమీదకూ వస్తాయి. నల్గొండ తాగేది ఆ నీళ్లే.

అడిగేది కూడా పెద్దదేం కాదు. పక్షులకు దూరంగా కొద్ది బండ్లు పట్టే గట్టినేల, కుళాయి, కరెంటు ప్లగ్గు, మూతున్న మురుగు గుంత, దాన్ని ఎవరు ఖాళీ చేయాలో పేరు రాసిన బోర్డు. దాంతోపాటు అద్దెకిచ్చేవాళ్లకు ఒక షరతు పెట్టాలి: ట్యాంకు ఎక్కడ ఖాళీ చేశారో రసీదు చూపిస్తేనే డిపాజిట్ వాపసు. లైసెన్సు ఇచ్చే ముందే ఈ రెండూ చూడమని రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

— ఒక పాఠకుడు, నల్గొండ