సున్నా దగ్గర పుట్టిన స్పైకు

మామా,

ఎట్లున్నావురా? నేను ఫోన్ ఎత్తట్లేదని చివరికి మా అమ్మకు చేశావట. తప్పు నాదే. రెండు వారాల నుంచి నల్లగొండలోనే ఉన్నాను, ఇంటి నుంచే పని. మా బోర్డు కొలతల్లో ఉన్నట్టుండి ఎగిరే ఒక తప్పు విలువ, అదే స్పైకు, దాని వెంట పడ్డాను. మొన్న రాత్రి దొరికింది. నువ్వేమో "ఐఎల్ఏ పెట్టాను, వేవ్‌ఫామ్ చూస్తే ఏమీ అర్థం కావట్లేదు" అని మెసేజ్ పెట్టావు. చిప్పు లోపలి సిగ్నళ్లను రికార్డు చేసి గీసి చూపే ఆ లాజిక్ ఎనలైజర్‌తోనే నేనూ కుస్తీ పట్టాను. నాకు జరిగింది వింటే నీ డిజైన్‌కు కూడా పనికొస్తుంది. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేం చేస్తున్న బోర్డు తెలుసు కదా, మూడు ఫేజుల వోల్టేజీ, కరెంటు అలలను రికార్డు చేసేది. ఆర్టిక్స్ 7 35టీ అనే ఎఫ్‌పీజీఏ చిప్పు (లోపలి లాజిక్‌ను మనమే రాసి ఎక్కించుకునేది), పక్కన వోల్టేజీని అంకెలుగా మార్చే చిన్న ఏడీసీ బోర్డు. సెకనుకు 10,000 శాంపుళ్లు, అంటే 50 హెర్ట్జ్ అల ఒక్కదానికి 200. బల్ల మీద బాగానే నడుస్తోందని మా బత్తాయి తోటలో బాయికాడ స్టార్టర్ పెట్టెకు కట్టాను. చూస్తే పది పదిహేను నిమిషాలకోసారి ఒక్క శాంపులు మాత్రం ఎక్కడికో ఎగిరిపోతోంది. దాని ముందుది సరిగ్గానే ఉంది, వెనకదీ సరిగ్గానే ఉంది. నాయిన తెర చూసి "కరెంటు మంచిగ లేదురా, పోయినేడు మోటారు కాలింది ఇందుకే" అన్నారు. నేనూ నమ్మాను. లైన్‌మన్ అన్నను పిలిపించి జంపర్లు బిగింపించాం, స్టార్టర్ కాంటాక్టులు శుభ్రం చేశాం. పాపం, అంత ఎండలో ఆయన స్తంభం ఎక్కారు. స్పైకు మాత్రం పోలేదు.

చిన్నప్పుడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లినప్పుడు లింగం మీద రోజంతా పడే ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెడతామని ఒక్కో స్తంభం దగ్గరికీ పరుగెత్తేవాళ్లం, గుర్తుందా? ఆ వారమంతా నా పరిస్థితి అదే. నీడ కనిపిస్తోంది, ఎవరిదో తెలియట్లేదు.

దారి దొరికింది ఒక చిన్న విషయంతో. దొరికిన స్పైకులన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. అన్నీ అల సున్నాను దాటేచోటే ఉన్నాయి. ఒక్కటి కూడా శిఖరం మీద లేదు. లైనులో నిజంగా సర్జ్ వస్తే అది సున్నా దగ్గరే రావాలని ఏముంది? అప్పుడే నాకు గుండె జారింది. తప్పు తోటలో లేదు, నా డిజైన్‌లో ఉంది. బోర్డు ఇంటికి తెచ్చి ఏడీసీ ఇన్‌పుట్‌ను గ్రౌండుకు కలిపేశాను. స్పైకులు తగ్గకపోగా నిమిషంలో నాలుగైదు వచ్చాయి.

ఇక్కడి నుంచి ఐఎల్ఏ కథ. అది చిప్పు లోపలే కూర్చుని ప్రతి క్లాకు అంచుకూ, అంటే చిప్పు గడియారం కొట్టిన ప్రతిసారీ, సిగ్నళ్లను బ్లాక్ ర్యామ్ అనే లోపలి మెమరీలో రాసుకుంటుంది, తర్వాత జేటాగ్ అనే నాలుగు తీగల దారి మీదుగా లాప్‌టాప్‌కు పంపుతుంది. వేరే కంపెనీల చిప్పులకూ ఇది ఉంది, క్వార్టస్ టూల్లో దీన్నే సిగ్నల్ ట్యాప్ అంటారు, లాటిస్ టూల్లో రివీల్ అంటారు. బోర్డు మీద అతుకులు సరిగ్గా పడ్డాయో లేదో చూడడానికి 1990లో ప్రమాణంగా వచ్చిన ఆ నాలుగు తీగలే ఈ రోజు చిప్పు లోపలి బొమ్మను మనకు తెచ్చిస్తున్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నీ ఇబ్బంది ఎక్కడుందో నాకు అర్థమైంది. నువ్వు చాలా సిగ్నళ్లు కట్టి, ట్రిగ్గర్ (ఏం జరిగినప్పుడు రికార్డు పట్టుకోవాలో చెప్పే షరతు) ఏమీ పెట్టకుండా రన్ నొక్కుతున్నావు. లెక్క చూడు. 100 మెగాహెర్ట్జ్ క్లాకు మీద 4,096 శాంపుళ్లు అంటే 41 మైక్రోసెకన్లు. నా ఏడీసీ ఒక్క శాంపులుకు 100 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే కిటికీలో సగం శాంపులు కూడా పట్టదు. పది నిమిషాలకోసారి వచ్చేదాన్ని ఆ కిటికీలోంచి ఊరికే చూస్తూ కూర్చుంటే జన్మలో దొరకదు. లోతు పెంచుదామంటే ర్యామ్ ఎక్కడిది? 64 బిట్లు, 4,096 లోతు అంటేనే ఎనిమిది బ్లాకులు పోతాయి. ఈ చిప్పులో ఉన్నవే 50.

అందుకని రెండు పనులు చేశాను. మొదటిది, క్యాప్చర్ కంట్రోల్ ఆన్ చేసి, కొత్త శాంపులు చదివిన క్లాకులో మాత్రమే రాసుకోమన్నాను. అదే 4,096 ఇప్పుడు 0.4 సెకను, అంటే ఇరవై అలలు. రెండోది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది. పాత విలువకూ కొత్త విలువకూ తేడా లెక్కకట్టడం మామూలు ట్రిగ్గర్‌కు రాదు. ఆ తేడా తీసే లాజిక్‌ను నేనే వెరిలాగ్ అనే హార్డ్‌వేర్ భాషలో రాశాను. నా అల ఎత్తుకు పక్కపక్క శాంపుళ్ల తేడా ఆరేడు వందలు దాటదు, కాబట్టి 2,000 దాటితే ఒక బిట్టు ఒకటి అవ్వాలి. ఆ ఒక్క బిట్టు మీదే ట్రిగ్గర్. నువ్వు కూడా ముందు "నా తప్పు ఎట్లా ఉంటుంది" అని ఒక వాక్యం రాసుకో, దాన్నే లాజిక్‌గా మార్చు. ట్రిగ్గర్ స్థానం మధ్యలో పెట్టు. తప్పు జరిగిన తర్వాతిదే కాదు, ముందరిది కూడా మనకు కావాలి.

అంతా పెట్టి బిట్‌స్ట్రీమ్, అంటే తయారైన డిజైన్ ఫైలు, చిప్పులోకి ఎక్కించానా, స్పైకు మాయమైంది! ఒక రోజంతా రాలేదు. అమ్మ అన్నానికి పిలుస్తుంటే "పోయిందమ్మా" అన్నాను, కానీ లోపల టెన్షన్ పెరిగింది. నేను ఏదీ సరిచేయలేదు కదా, ఎందుకు పోతుంది? ఐఎల్ఏ చేరాక టూలు లాజిక్‌నంతా మళ్లీ కొత్తచోట్ల పరిచింది, తీగల పొడవులు మారాయి. ఐఎల్ఏ పెట్టగానే తప్పు పోయిందంటే బాగైందని సంతోషపడకు మామా. టైమింగో, రెండు క్లాకుల మధ్య దాటే దారో తేడాగా ఉందని అది చెప్తోంది.

నా డిజైన్‌లో అలాంటి దారి ఒకటే ఉంది. ఏడీసీ బోర్డుకు దాని క్లాకును నడిపే సొంత క్రిస్టల్ ఉంది. అది 16 బిట్ల విలువను ఒక రిజిస్టర్‌లో పెడుతుంది. నేను దాన్ని 100 మెగాహెర్ట్జ్ వైపు నుంచి, నా సొంత లెక్కతో 10,000 క్లాకులకోసారి చదివేస్తున్నాను. రెండూ సెకనుకు 10,000 సార్లే కదా అనుకున్నాను. కానీ రెండు క్రిస్టళ్లు ఎప్పుడూ ఒక్కటిగా నడవవు. పది లక్షల్లో ఇరవై భాగాల తేడా ఉన్నా, ఐదు సెకన్లకోసారి నా చదివే క్షణం అవతలి విలువ మారే క్షణం మీదుగా జారుతుంది. సిమ్యులేషన్‌లో ఇది ఎందుకు రాలేదంటే టెస్ట్ బెంచ్‌లో రెండు క్లాకులనూ నేనే కచ్చితమైన అంకెలతో రాశాను, అక్కడ జారడం అనేదే లేదు. టైమింగ్ రిపోర్టులో కూడా అంతా పచ్చగానే ఉంది. ఉండదా మరి? ఆ రెండు క్లాకులకు సంబంధం లేదు, ఆ దారి లెక్క చూడొద్దు అని టూలుకు కన్‌స్ట్రెయింట్ (నియమం) రాసింది నేనే.

సున్నా దగ్గరే ఎందుకో ఇప్పుడు నీకు కూడా తట్టి ఉంటుంది. మైనస్ ఒకటి అంటే పదహారు బిట్లూ ఒకట్లు, సున్నా అంటే పదహారూ సున్నాలు. ఒక్క మెట్టు దాటడానికి బిట్లన్నీ ఒకేసారి మారాలి. శిఖరం దగ్గర కింది బిట్లు కొన్నే మారుతాయి కాబట్టి అక్కడ తప్పు చదివినా ఎవరికీ కనపడదు.

ఊహించడం వేరు, కళ్లతో చూడడం వేరు. మళ్లీ గ్రౌండుకు కలిపి, ఈసారి క్యాప్చర్ కంట్రోల్ తీసేసి, ప్రతి క్లాకునూ రాసుకోమన్నాను. అవతలి తీగలను నేరుగా ప్రోబ్‌కు ఇవ్వలేదు. అట్లా ఇస్తే ఐఎల్ఏ ఫ్లిప్ ఫ్లాపులు (ఒక్కో బిట్టును పట్టి ఉంచే గళ్లు) తమ లెక్కన వేరేగా చదువుతాయి, నా డిజైన్ చూసింది నాకు కనపడదు. నా క్లాకు మీద ఒక కాపీ రిజిస్టర్ పెట్టి, సింథసిస్ (కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చే దశ) దాన్ని తీసేయకుండా మార్క్ డీబగ్ అనే గుర్తు రాసి, దాన్ని చూశాను. రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. ట్రిగ్గర్ పడింది. మైనస్ ఒకటి, మైనస్ ఒకటి, తర్వాత ఒకే ఒక్క క్లాకు పాటు 4095, ఆ వెంటనే సున్నా. పై నాలుగు బిట్లు ముందే వచ్చేశాయి, కింది పన్నెండూ ఇంకా పాత ఒకట్లే. పది నానోసెకన్లు మామా! రెండు వారాల నా నిద్ర అందులో ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగా.

మందు మాత్రం చిన్నదే. ఏడీసీ వైపు విలువ పెట్టిన ప్రతిసారీ ఒక బిట్టు తిరగబడుతుంది. ఆ ఒక్క బిట్టునే రెండు ఫ్లిప్ ఫ్లాపుల మీదుగా ఇవతలికి తెచ్చి, అది మారింది అని తెలిశాకే పదహారు బిట్లూ చదువుతున్నాను. అప్పటికి అవి కదలకుండా నిలబడి ఉంటాయి. తర్వాత వివాడో టూల్లో, క్లాకు నుంచి క్లాకుకు దాటే దారులను తనిఖీ చేసే రిపోర్ట్ సీడీసీ నడిపితే పాత డిజైన్‌లో సరిగ్గా ఆ పదహారు తీగలనే ఎర్రగా చూపించింది. మొదటి రోజే నడపాల్సింది. నువ్వు ఈ ఉత్తరం చదవగానే నడుపు.

నిన్నటి నుంచి బోర్డు మళ్లీ బాయికాడే ఉంది, ఇంతవరకు ఒక్క స్పైకు లేదు. లైన్‌మన్ అన్నకు రేపు ఒక సంచి బత్తాయిలు పట్టుకెళ్లి జరిగింది చెప్పాలి. నాయిన మాత్రం జంపర్లు బిగించాకే బాగైందని వాడంతా చెప్తున్నారు.

నీ ట్రిగ్గర్ వాక్యం ఏమిటో రాసి పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. బతుకమ్మకు వచ్చేటప్పుడు జేటాగ్ కేబుల్ ఒకటి ఎక్కువుంటే తీసుకురా. నాది కనెక్టర్ దగ్గర వదులైంది, చేత్తో పట్టుకుని కూర్చుంటున్నాను.

నీ మామ