ఫాలున్ రాగి గని సందర్శన

స్టాక్‌హోమ్ తెలుగు సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే శనివారం మనం వెళ్లబోయే ఫాలున్ రాగి గని దాదాపు వెయ్యేళ్లు పనిచేసి 1992 డిసెంబరులో మూతపడింది. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పదిహేడో శతాబ్దంలో స్వీడన్ రాజ్యం చేసిన యుద్ధాల ఖర్చును చాలావరకు ఈ రాగే భరించింది.

పైనుండి కనిపించే మహాగర్తం ఎవరూ పథకం వేసి తవ్వింది కాదు. అడ్డూ అదుపూ లేకుండా సొరంగాలు తవ్వుతూ పోవడంతో 1687 జూన్‌లో గని కూలిపోయింది. ఆ రోజు మిడ్‌సమ్మర్ సెలవు కావడంతో లోపల ఎవరూ లేరు, ఒక్క ప్రాణమూ పోలేదు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్స్ ఇజ్రేల్సన్ కథ. 1677లో గనిలోకి దిగి కనిపించకుండా పోయిన ఈ యువకుడి దేహం 1719లో, లవణాలు నిండిన నీటిలో ఏమాత్రం చెడకుండా దొరికింది. అతడిని గుర్తుపట్టింది అప్పటికి వృద్ధురాలైన, ఒకప్పుడు అతడితో పెళ్లి నిశ్చయమైన స్త్రీ.

మార్గదర్శకుల వెంట మనం సుమారు 67 మీటర్ల లోతు వరకు దిగుతాము. ఎండాకాలంలోనూ లోపల ఐదారు డిగ్రీలే ఉంటుంది, నేల తడిగా ఉంటుంది కనుక స్వెటరు, గట్టి బూట్లు తప్పనిసరి. చెప్పులతో వచ్చేవారిని పైనే కూర్చోబెట్టక తప్పదు. మెట్లు చాలా ఉన్నాయి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ముందే నాకు తెలియజేయగలరు. వారు పైన మ్యూజియం చూడవచ్చు.

దారిలో కనిపించే ఎర్ర చెక్క ఇళ్ల రంగు కూడా ఈ గని వ్యర్థాల నుండి పుట్టిందే. వచ్చేవారు గురువారం లోపు పేర్లు పంపించగలరు.